డివిడెండు పన్నులు - ఐరోపా ఒడంబడిక

హాలండు దేశమున నొక యుద్యోగి, తాను పనిచేయు కంపెనీవారి పొదుపు పథకము ననుసరించి, దానికి పై కంపెనీయైన బెల్జియము దేశపు చమురు సంస్థలో కొన్ని వాటాలు సంపాదించుకొనెను. 1991లో ఆ వాటాలపై నతనికి రెండువేల పైచిలుకు గిల్డరుల డివిడెండు వచ్చెను. బెల్జియము ప్రభుత్వము అందులో నూటికి 25 వంతున పన్ను ముందుగనే పట్టుకొనెను. ఆనాటి హాలండు చట్టము ప్రకారము స్వదేశపు కంపెనీలు పంచు డివిడెండులో మొదటి వేయి గిల్డరులకు, దంపతులకైనచో రెండువేల గిల్డరులకు, ఆదాయపు పన్ను లేదు. తనకును ఆ మినహాయింపు కావలెనని ఇతడు కోరెను. విదేశపు కంపెనీ వాటాలకు అది వర్తింపదని పన్నుల యధికారి త్రోసిపుచ్చెను. వ్యాజ్యము మెట్టుమెట్టుగా హాలండు సర్వోన్నత న్యాయస్థానమునకును, అచటినుండి లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమునకును చేరెను. 2000 సంవత్సరము జూను 6వ తేదీన తీర్పు వచ్చెను. మూలధనము సరిహద్దులు దాటి స్వేచ్ఛగా సంచరింపవలెనను ఐరోపా శాసనమునకు హాలండు చట్టము విరుద్ధమని ధర్మాసనము నిర్ణయించెను. రెండువేల గిల్డరులకు తొమ్మిదేండ్లు పట్టినది!

వ్యాజ్యమునందలి సొమ్ము స్వల్పమే గాని ప్రశ్న స్వల్పము కాదు. ఒక దేశము తన ప్రజలమీద ఎట్టి పన్ను వేయవలెనో, ఎవరికి మినహాయింపు నీయవలెనో నిర్ణయించునది ఆ దేశపు శాసనసభయా, లేక అనేక దేశములు కలిసి చేసికొన్న ఒడంబడికయా? ఐరోపా సమాఖ్యలోని దేశములు డివిడెండుపై వేయు పన్నులు ఆ ఒడంబడికకు లోబడియున్నవా, లేదా? ఇరువదియైదేండ్లు గడచినను ఈ వివాదము చల్లారలేదు. నేటికిని ఏదో యొక దేశపు ఖజానా లక్సెంబర్గు వాకిట ముద్దాయిగా నిలుచుచునే యున్నది.

పన్నుల పరిభాష సామాన్య పాఠకునకు విసుగు గొల్పును గావున, విషయమును లెక్కలో చూపుట మేలు. ఒక కంపెనీ 100 రూపాయలు లాభము గడించెననుకొందము. కంపెనీ పన్ను నూటికి 30 అయినచో మిగిలిన 70 వాటాదారునకు డివిడెండుగా వచ్చును. అతని ఆదాయపు పన్ను నూటికి 40 అయినచో ఆ 70 మీద మరల 28 కట్టవలెను. వెరసి 58 ప్రభుత్వమునకు, 42 ఇంటికి. ఒకే లాభమును రెండుమార్లు కోసినట్లైనది. ఈ అన్యాయమును తొలగించుటకై ఫ్రాన్సు 1965లోను, బ్రిటను 1973లోను, జర్మనీ 1977లోను, ఫిన్లాండు 1990లోను, నార్వే 1992లోను ఒక్కొక్క విధమైన 'పన్ను చెల్లు' నేర్పరచినవి. కంపెనీ కట్టిన పన్నును, కొన్నిచోట్ల పూర్తిగను కొన్నిచోట్ల కొంతవరకును, వాటాదారుడు కట్టినట్లే భావించి అతని ఖాతాలో జమకట్టుదురు. పూర్తిగ జమకట్టినచో, మన లెక్కలో వాటాదారునకు ఆదాయము 100, పన్ను 40, అందులో 30 చెల్లు, ఇక కట్టవలసినది 10 మాత్రమే. చక్కని యేర్పాటు. కాని ఈ చెల్లు స్వదేశపు కంపెనీ స్వదేశపు వాటాదారునకు పంచినప్పుడు మాత్రమే. కంపెనీ యైనను వాటాదారుడైనను సరిహద్దు కావల నున్నచో ఔదార్యము ఆగిపోవును. కలహమంతయు నిచటనే పుట్టినది.

1957 నాటి రోము సంధిలో మూలధన స్వేచ్ఛ యను మాట ఉన్నను అది అరకొర వాగ్దానమే. ఉమ్మడి విపణికి ఎంత యవసరమో అంతవరకే అని హద్దు పెట్టిరి. 1988లో వచ్చిన ఆదేశము ఆ హద్దును తొలగించినది. మాస్ట్రిక్టు సంధి మూలమున 1994 జనవరి 1వ తేదీనుండి మూలధన సంచారముపై సమస్త నిర్బంధములును నిషిద్ధములైనవి. ఇప్పుడది ఒడంబడికలో 63వ అధికరణము. దాని ప్రక్కనే 65వ అధికరణము గలదు. నివాసమును బట్టియు, మూలధనము పెట్టిన చోటును బట్టియు పన్ను కట్టువారి నడుమ భేదము చూపు అధికారము రాజ్యములకు కలదని ఇది చెప్పును. వెంటనే, ఆ భేదము స్వచ్ఛంద పక్షపాతము గాని, మారువేషమున వచ్చిన నిర్బంధము గాని కారాదనియు చెప్పును. ఒక చేత నిచ్చి రెండవ చేత తీసికొనుట! రాజ్యములన్నియు మొదటి వాక్యమును కోటగా కట్టుకొన్నవి. న్యాయస్థానము రెండవ వాక్యముతో ఆ కోటను పగులగొట్టినది.

పన్ను వేయు నధికారము స్వరాజ్యమునకు ప్రాణము. ఉప్పుమీద పన్ను పరుల చేతిలో నున్నప్పుడు దాని చేదెట్టిదో మన జాతికి తెలియును. కావున, దూరమున నున్న న్యాయమూర్తులు ఒక ప్రజాసభ చేసిన పన్ను చట్టమును చెల్లదనిరని వినగానే మన మనస్సు ఆ ప్రజాసభవైపు మ్రొగ్గుట సహజము. కాని నిదానించి చూచిన ఈ పోలిక నిలువదు. లక్సెంబర్గువారు ఏ దేశముమీదను పన్ను వేయలేదు. ఏ దేశమును తన పన్ను రేటు మార్చుమని యడుగలేదు. ప్రత్యక్షపు పన్నులు రాజ్యముల యధికారమే యని వారు తీర్పు తీర్పున చెప్పుచున్నారు. ఆ యధికారమును తాము చేవ్రాలు చేసిన ఒడంబడికకు లోబడి వినియోగింపుడని మాత్రమే వారి మాట. ఆ ఒడంబడికను ఆయా దేశముల శాసనసభలే ఆమోదించినవి. ఆ ధర్మాసనముపై ఆయా దేశముల న్యాయమూర్తులే కూర్చున్నారు. ఇష్టము లేనివారు వెడలిపోవచ్చును. బ్రిటను 2020లో వెడలిపోయినది. తాను వ్రాసి యిచ్చిన మాటకు కట్టుబడుమనుట పరాధీనత కాదు. ఫ్రాన్సు దేశపు పన్ను చెల్లు విషయమున 1986లోనే మొదటి హెచ్చరిక వచ్చినది. విదేశపు భీమా కంపెనీలు ఫ్రాన్సులో శాఖలు పెట్టి ఫ్రెంచి కంపెనీలతో సమానముగా పన్ను కట్టుచున్నను, వానికి చెల్లు నిరాకరించుట చెల్లదని ధర్మాసనము నాడే పలికెను. ఆ హెచ్చరికను పెడచెవిని బెట్టినవారు తరువాత ఖజానా చిల్లుపడినదని వాపోవుట యేల?

అట్లని రాజ్యముల వాదములన్నియు కుత్సితములని మేము చెప్పము. వానిలో ఫిన్లాండు వాదము బలమైనది. ఆ దేశమున కంపెనీ పన్నును, వాటాదారుని పెట్టుబడి ఆదాయముపై పన్నును రెండును నూటికి 29గా నుండెను. కంపెనీ 71 పంచినచో 29 చెల్లు వచ్చును. వాటాదారుడు మరేమియు కట్టనక్కరలేదు. ఫిన్లాండు పౌరుడొకడు స్వీడను కంపెనీ వాటాలు కొనెను. అదే 71 స్వీడనునుండి వచ్చినచో అతడు చెల్లు లేక 20 చిల్లర కట్టవలెను. ఫిన్లాండు ప్రభుత్వ మేమనెను? "మా కంపెనీ మాకు పన్ను కట్టినది గనుక ఆ పన్నును వాటాదారునకు జమ చేసితిమి. స్వీడను కంపెనీ కట్టిన పన్ను స్వీడను ఖజానాకు చేరినది. అన్యుల పెట్టెలో పడిన సొమ్మునకు మా పెట్టెనుండి చెల్లు నీయవలెనా?" ఈ ప్రశ్నకు లోకజ్ఞానము గల ఏ గృహస్థుడైనను తల యూపును. కాని ధర్మాసనము 2004 సెప్టెంబరు 7వ తేదీన వేరొక మాట చెప్పెను: మీ చట్టపు టుద్దేశము రెండుమార్లు పన్ను పడకుండ చూచుట. ఆ రెండుమార్ల బాధ స్వీడను కంపెనీ వాటాదారునకును కలదు. స్వీడనులో ఆ కంపెనీ కట్టిన పన్ను నెంతవరకో లెక్కగట్టి అంతవరకు చెల్లు నిచ్చినచో మీ యుద్దేశము నెరవేరును. రాబడి తగ్గుట యొక్కటే సాకు కానేరదు.

మా యభిప్రాయమున ఈ తీర్పు ధర్మసమ్మతమే. ఫిన్లాండు కోల్పోవు రాబడి నిజమే యైనను, ఆ దేశపు యువకుడు తాను కూడబెట్టిన సొమ్మును స్వీడనులో పెట్టదలచినప్పుడు రాజ్యము పన్నుకత్తి చూపి ఆపుచున్నదనుటయు నిజమే. స్వీడను కంపెనీకి ఫిన్లాండు పౌరులనుండి మూలధనము దొరకుట కష్టమగుటయు నిజమే. స్వేచ్ఛ యన్న పేరు పెట్టి, పోయినవానికి దండుగ వేయుట స్వేచ్ఛ కాదు.

ఇది స్వదేశమునకు వచ్చు డివిడెండు కథ. పోవు డివిడెండు కథ దీనికంటె నిర్లజ్జమైనది. ఫ్రెంచి కంపెనీ తన ఫ్రెంచి మాతృసంస్థకు డివిడెండు పంచినచో అది దాదాపు పూర్తిగ పన్ను లేకుండ పోవుచుండెను. అదే డివిడెండు హాలండులోని మాతృసంస్థకు పంచినచో నూటికి 25 పట్టుకొనుట చట్టము, ఇరుదేశముల సంధిచే అది 5కు దిగుచుండెను. 2006 డిసెంబరులో ధర్మాసనము దీనిని త్రోసివేసెను. నార్వే సమాఖ్యలో చేరని దేశమైనను ఐరోపా ఆర్థిక ప్రదేశపు ఒప్పందమునకు లోబడినది గావున, 2004లో దానికిని ఇటువంటి తీర్పే తగిలెను. 2012లో ఫ్రాన్సు విదేశపు పెట్టుబడి నిధులపై మాత్రమే వేసిన పన్ను కొట్టుడుపడెను. 2018లో డెన్మార్కు, 2022లో పోర్చుగల్లు అదే త్రోవన పోయినవి. పది సంవత్సరములలో ఒకే పాఠమును మూడు రాజ్యములకు వేర్వేరుగా నేర్పవలసివచ్చెనన్న, అది పాఠము కఠినమగుటచేత గాదు. ఓడువరకు వసూలు చేసికొన్నది లాభమే యను లెక్క ఖజానా మంత్రులకు బాగుగ వచ్చును.

ఇంతవరకు న్యాయస్థానమును మెచ్చుకొంటిమి. ఇక దాని చేయి ఎచట ఆగినదో చెప్పవలెను.

బెల్జియము దేశపు దంపతులు ఫ్రెంచి కంపెనీ వాటాలు కలిగియుండిరి. ఫ్రాన్సు నూటికి 15 పట్టుకొనుచుండెను. మిగిలిన దానిపై బెల్జియము నూటికి 25 వేయుచుండెను. 100కు 15 పోగా 85. అందులో 21 రూపాయల పావలా పోగా చేతికి వచ్చునది 63 రూపాయల ముప్పావలా. స్వదేశపు కంపెనీ 100 పంచినచో పొరుగువాని చేతికి 75 వచ్చును. సరిహద్దు దాటినందుకు దండుగ ఇంతకంటె స్పష్టముగ నేమి కావలెను? కాని 2006 నవంబరు 14వ తేదీన ధర్మాసనము, ఇందు ఒడంబడికకు భంగము లేదని తీర్పు చెప్పెను. బెల్జియము స్వదేశ డివిడెండుపై 25, విదేశ డివిడెండుపై 25, రెంటిని సమానముగ చూచినది. ఫ్రాన్సు తన హక్కు చొప్పున 15 పట్టుకొన్నది. రెండు రాజ్యములు తమతమ యధికారములను ప్రక్కప్రక్కన చెలాయించుటవలన వచ్చిన కష్టమునకు ఏ యొక్కరిని తప్పు పట్టలేము. దీనిని సరిచేయవలసినవి రాజ్యములేగాని న్యాయస్థానము కాదు. 2009లో మరియొక బెల్జియము వ్యాజ్యమున ఇదే మాట మరల వినబడినది.

తర్కమున దోషము లేదు. అయినను ఒక్కసారి వాటాదారుని కన్నులతో చూడుడు. ఒక్క రాజ్యము తనవానికి పెట్టి పరునికి పెట్టకున్న అది నేరము. ఇరువురు రాజులు వంతుల ప్రకారము దోచిన అది నేరము కాదు! అతని చేతిలోనుండి పోయిన సొమ్ము రెండు పక్షములందును ఒక్కటే. ఈ బెల్జియము కథలో చిత్రమైన సంగతి మరొకటి యున్నది. ఐరోపా శాసనము చేయలేని మేలు, ఫ్రాన్సు బెల్జియముల నడుమ పూర్వమే యున్న పాత సంధి చేసినది. ఆ సంధి ప్రకారము కొంత చెల్లు ఇచ్చి తీరవలెనని బెల్జియము అత్యున్నత న్యాయస్థానము 2017లో నిర్ణయించెను. ఇరువది యేడు దేశముల మహావృక్షము ఈయని నీడ, రెండిండ్ల నడుమ కట్టిన పందిరి ఇచ్చినది.

న్యాయస్థానము చేతికి పక్షపాతమును ఖండించు కత్తి యున్నదేగాని, చెల్లు ఇప్పించు కలము లేదు. దీని ఫలమేమి? సమత్వము రెండు విధముల రావచ్చును: పరునకును ఇచ్చుటవలన, లేక తనవానికిని మాన్పుటవలన. రాజ్యములు చాలవరకు రెండవ త్రోవనే పట్టినవి. హాలండులో గెలిచిన ఆ యుద్యోగి కథయే చూడుడు. అతడు గెలిచిన మరుసటి యేడు, 2001లో, హాలండు ఆదాయపు పన్ను చట్టమునే మార్చివేసి, డివిడెండును లెక్కింపక ఆస్తిమీద ఊహాదాయము కట్టి పన్ను వేయసాగెను. వేయి గిల్డరుల మినహాయింపు అందరికిని పోయెను. జర్మనీ 2001లోను, ఇటలీ 2004లోను, ఫ్రాన్సు, ఫిన్లాండులు 2005లోను, నార్వే 2006లోను తమ పన్ను చెల్లులకు స్వస్తి చెప్పి, డివిడెండులో కొంత భాగమును మాత్రము విడిచిపెట్టు పద్ధతులకు మారినవి. బ్రిటను, ఐర్లండులు 1999లోనే పాత పద్ధతిని మార్చుకొన్నవి. అన్నిటికిని న్యాయస్థానమే కారణమనుట అతిశయోక్తి. కంపెనీ పన్ను రేట్లు తగ్గించుకొనవలెనను పోటీయు, బడ్జెట్ల ఇబ్బందులును కలవు. కాని తీర్పుల భయము ఈ మార్పునకు ప్రోద్బలమైనదనుట నిర్వివాదము. నేటికి పూర్తి చెల్లు పద్ధతిని విడువక పట్టుకొన్నది మాల్టా.

జర్మనీ చేసిన పని మరింత స్పష్టము. పరదేశపు కంపెనీలకు పంచు డివిడెండుపై పన్ను నిలుపుకొని స్వదేశపు కంపెనీలకు విడిచిపెట్టుట తగదని 2011 అక్టోబరులో ధర్మాసనము చెప్పెను. జర్మనీ యేమి చేసినది? 2013లో చట్టము మార్చి, నూటికి పదికంటె తక్కువ వాటా గల స్వదేశపు కంపెనీలకును మినహాయింపు తీసివేసినది. ఇప్పుడందరును సమానులే, అందరును కట్టుచున్నారు. దొడ్డిలో ఒక గోవు ఆకలితో నున్నదని ఫిర్యాదు రాగా, రెండవదాని గడ్డియు లాగివేసి 'ఇక భేదము లేదు' అన్నట్లున్నది.

ఈ నూటికి పది యను గీత ఊరక పుట్టినది కాదు. మాతృసంస్థ, పిల్ల కంపెనీల నడుమ డివిడెండు పన్ను లేకుండ సాగవలెనని 1990లో రాజ్యములన్నియు ఏకగ్రీవముగ ఒక ఆదేశము చేసికొన్నవి. మొదట నూటికి 25 వాటా గల సంస్థలకే అది వర్తించుచుండెను. క్రమముగ దానిని 10కి దింపిరి. అనగా, కంపెనీలో పదవవంతు కొనగల మహాసంస్థలకు రాజమార్గము వేసిరి. పది వాటాలు, నూరు వాటాలు కొన్న ఉపాధ్యాయునకు, పింఛనుదారునకు, చిన్న వర్తకునకు అట్టి మార్గము లేదు. అతనికి మిగిలినవి ఫారములు, నివాస ధ్రువపత్రములు, పరభాషలో ఉత్తర ప్రత్యుత్తరములు, ఆపై వ్యాజ్యము. చిన్న మొత్తములకై ఆ శ్రమ పడలేక విడిచిపెట్టువారే అధికులు. ఐరోపా డివిడెండు పన్నులను గూర్చి మా ముఖ్య యాక్షేపణ యిదే. పెద్ద మూలధనమునకు రాజ్యములు తమంత తామే ఏకగ్రీవముగ దారి యిచ్చినవి. చిన్న మూలధనము ప్రతి యడుగునకును న్యాయస్థానముతో దారి వేయించుకొనవలసివచ్చినది.

పెద్దలకును వ్యాజ్యము తీపికాదు. బ్రిటనులో విదేశపు డివిడెండులపై అన్యాయముగ వసూలైన పన్ను 1973 నాటినుండి లెక్కకు వచ్చినది. కంపెనీలు కలిసి వేసిన దావా 2003లో మొదలై, లక్సెంబర్గునకు పలుమారులు పోయి, 2006, 2012, 2013 సంవత్సరములలో తీర్పులు పొంది, బ్రిటను సమాఖ్యను విడిచిన తరువాతను లండను సర్వోన్నత న్యాయస్థానమున సాగెను. నడుమ బ్రిటిషు ప్రభుత్వము దావా కాలపరిమితిని వెనుకటి తేదీనుండి కుదించు చట్టము చేయగా, అదియు చెల్లదని ధర్మాసనము చెప్పవలసివచ్చెను. ఫ్రాన్సులో మరొక వింత. అచటి అత్యున్నత పరిపాలన న్యాయస్థానము ఇటువంటి డివిడెండు వ్యాజ్యమును లక్సెంబర్గునకు పంపక తానే తప్పుగ తీర్చినందున, 2018 అక్టోబరు 4వ తేదీన ఫ్రాన్సు రాజ్యమే దోషిగ నిర్ణయింపబడెను. దేశపు సర్వోన్నత న్యాయపీఠము ప్రశ్న నంపకుండుటయే రాజ్యదోషమగుట అదియే మొదటిసారి.

ఫ్రాన్సు ముచ్చట మరియొకటి చెప్పక విడువలేము. కంపెనీలు పంచు డివిడెండుపై నూటికి 3 చొప్పున అదనపు పన్నును ఆ దేశము 2012లో వేసెను. పైన చెప్పిన మాతృసంస్థల ఆదేశమునకు అది విరుద్ధమని 2017 మే నెలలో లక్సెంబర్గు తీర్పు రాగా, అక్టోబరులో ఆ దేశపు రాజ్యాంగ మండలి పన్నునంతయు కొట్టివేసెను. వడ్డీతో తిరిగి యీయవలసినది సుమారు వేయి కోట్ల యూరోలు. ఖజానాలో అంత సొమ్ము లేక, శతకోటి యూరోల వ్యాపారము దాటిన కంపెనీలపై ఆ యేడు ప్రత్యేకపు పన్ను వేసి కొంత రాబట్టిరి. కంపెనీలనుండి పుచ్చుకొన్నది కంపెనీలకు తిరిగి యిచ్చుటకు కంపెనీలమీదనే పన్ను!

సరిహద్దున పన్ను భేదమున్నచోట దొంగదారి పుట్టుట సహజము. డివిడెండు పంచుటకు ముందు విదేశపు వాటాదారుడు తన వాటాలను స్వదేశపు బ్యాంకికి అరువిచ్చును. స్వదేశస్థునకు దొరకు చెల్లును బ్యాంకి వాడుకొనును. డివిడెండు తేదీ దాటగనే వాటాలు వెనుకకు పోవును, లాభము పంచుకొందురు. జర్మనీలో ఇంతటితో ఆగక, ఒక్కసారి కట్టిన పన్నును రెండుమార్లు తిరిగి పొందిన మోసములు బయటపడి, బ్యాంకర్లు, న్యాయవాదులు కారాగారమునకు పోయిరి. నిజాయితీ గల చిన్న వాటాదారుడు తన న్యాయమైన సొమ్మునకై యేండ్ల తరబడి వేచియుండగా, కట్టని పన్నును తిరిగి పొందినవారు మేడలు కట్టుకొనిరి.

2024 డిసెంబరులో సమాఖ్య ఒక క్రొత్త ఆదేశమును ఆమోదించినది. నివాస ధ్రువపత్రము విద్యుద్రూపమున శీఘ్రముగ దొరకవలెను; అధికముగ పట్టుకొన్న పన్ను త్వరలో తిరిగి రావలెను, లేదా మొదటనే తక్కువ పట్టుకొనవలెను; నడుమనుండు బ్యాంకులు పేర్లు నమోదు చేసికొని వివరములు తెలుపవలెను. ఇది 2030 జనవరి 1వ తేదీనుండి అమలు కావలెను. మేము దీనిని ఆహ్వానింతుము. చిన్నవాని శ్రమ దీనివలన కొంత తగ్గును. కాని ఇది వాకిలిని వెడల్పు చేయునేగాని గోడను తీయదు. ఇరుదేశముల సంధి ప్రకారము రావలసినది త్వరగా వచ్చును. సంధి ఈయనిది రానే రాదు. బెల్జియము దంపతుల లెక్కలో 63 ముప్పావలా 75 కాదు.

ఐరోపావారి వాటాల గొడవ మనకేల యని పాఠకులడుగవచ్చును. మూలధన స్వేచ్ఛకు ఆ ఒడంబడికలో ఒక విశేషము గలదు. తక్కిన స్వేచ్ఛలు సభ్యదేశములకే పరిమితములు; ఇది అన్యదేశములకును వర్తించును. 2014లో పోలండు దేశముపై గెలిచినది అమెరికా పెట్టుబడి నిధి. అన్యదేశస్థుడగుటయే అనర్హత కాదనియు, వివరములు పరీక్షించుటకు రెండు దేశముల నడుమ ఏర్పాటున్న చాలుననియు ధర్మాసనము చెప్పెను. కావున ఐరోపా కంపెనీలలో వాటాలు గల భారతీయునకును, భారతీయ నిధికిని ఈ వాదము అందుబాటులోనే యున్నది.

మన యింటిలోను ఈ ప్రశ్న వేరు రూపమున పుట్టినది. మన రాజ్యాంగపు 301వ అధికరణము దేశమంతట వర్తక స్వేచ్ఛను ప్రకటించినది. రాష్ట్రములు సరుకుల ప్రవేశముపై వేయు పన్ను దానికి భంగమా యను వివాదమున, 2016 నవంబరులో సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అధిక సంఖ్యాకుల తీర్పు ననుసరించి, పన్ను అయినంత మాత్రమున నిర్బంధము కాదు, పక్షపాతముగల పన్ను మాత్రమే నిషిద్ధమని నిర్ణయించెను. ఢిల్లీ, లక్సెంబర్గు ఇంచుమించు ఒకే గీత గీసినవి. భేదమొక్కటి: మనకు వ్యవసాయేతరాదాయముపై పన్ను కేంద్రమునకే చెందినది గావున, హైదరాబాదు వాటాదారుడు ముంబయి కంపెనీనుండి డివిడెండు పుచ్చుకొన్నప్పుడు నడుమ రెండవ ఖజానా చేయి చాపదు. ఐరోపావారు విపణిని కలిపిరిగాని ఖజానాలను కలుపలేదు. అందుచేత న్యాయమూర్తి చేయలేని పని చేయుటకు అచట ఎవ్వరును లేరు.

ఖజానాలను కలుపుమని మేము చెప్పము. అది ఆయా జాతులు తమకు తాము తేల్చుకొనవలసిన సంగతి. ప్రత్యక్షపు పన్నులపై ఏ ఆదేశము చేయవలెనన్నను 115వ అధికరణము ప్రకారము రాజ్యములన్నియు ఏకగ్రీవముగ నంగీకరింపవలెను. ఏ యొక్కటి తల యడ్డముగ త్రిప్పినను పని ఆగును. కాని 1990లో మహాసంస్థలకొరకు ఆ యేకగ్రీవము కుదిరినది. 2024లో ధ్రువపత్రముల కొరకును కుదిరినది. పరదేశమున పట్టుకొన్న పన్నును నివాసదేశము చెల్లుగా నీయవలెనను ఒక్క వాక్యపు నియమము, పదవవంతు లేని వాటాదారునకును వర్తించునట్లు, ఎందుకు కుదరరాదో బ్రస్సెల్సులో కూర్చుండు మంత్రులు చెప్పవలెను. ఇరువది యేడు ఖజానాలకు దానివలన కలుగు నష్టమును ముందు లెక్కగట్టి ప్రజలయెదుట పెట్టుదురు గాక. ఆ లెక్క వచ్చువరకు, హాలండు ఉద్యోగివలె ప్రతి వాటాదారుడును తనకై తాను వ్యాజ్యమాడుచు, గెలిచిన మరుసటి యేడు చట్టము మారుట చూచుచుండవలసినదే.